కమోడోర్ 64, 1200 మోడెమ్: 120 రావాల్సిన చోట 80 ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం అండీ. నేను ఉండేది డల్లాస్ దగ్గర. ఈమధ్య ఒక పాత సామాన్ల అమ్మకంలో కమోడోర్ 64 (1980ల నాటి ఇంటి కంప్యూటర్), దాని 1541 డిస్క్ డ్రైవు, వెనక యూజర్ పోర్టుకు తగిలించే 1670 మోడెమ్ కలిపి దొరికాయి, మూడూ బాగా పనిచేస్తున్నాయి. ఇంట్లోనే చిన్న పీబీఎక్స్ డబ్బా (ఇంటి మట్టుకు ఫోన్ ఎక్స్చేంజి లాంటిది) పెట్టి, అవతల లైనక్స్ పీసీకి ఇంకో మోడెమ్ తగిలించి, ఒకదానితో ఇంకోదానికి ఫోన్ చేయించి ఫైళ్లు దించుతున్నాను. కనెక్షన్ సెకనుకు 1200 బిట్లలోనే కలుస్తోంది, ఒక్కో అక్షరానికి పది బిట్లు. అంటే సెకనుకు 120 అక్షరాలు రావాలి కదా, ఎక్స్‌మోడెమ్‌లో (ఫైలును బ్లాకులుగా పంపే పద్ధతి) 80 దగ్గరే ఆగిపోతోంది. తప్పులేమీ రావడం లేదు, ఏ బ్లాకూ మళ్లీ పంపమని అడగడం లేదు. మరి ఆ మిగతా 40 ఎక్కడికి పోతున్నాయి? వైఫై మోడెమ్ కొనుక్కోమని మాత్రం చెప్పకండి, అసలు సిసలు ఫోన్ మోడెమ్‌తోనే చేయాలని నా కోరిక.

జవాబు:
మీ మోడెమ్‌లో లోపం ఏమీ లేదండీ, లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. ఎక్స్‌మోడెమ్ 128 బైట్ల డేటాకు ముందు మూడు, చివర చెక్‌సమ్ ఒకటి చేర్చి 132 పంపుతుంది, అంటే బ్లాకుకు 1.1 సెకన్లు. ఇక్కడ పోయేది మూడు శాతమే. ఆ తర్వాత, బ్లాకు సరిగ్గా అందిందని ఇటునుంచి ఒక అక్షరం వెళ్లేదాకా అటువైపు యంత్రం ఇంకేమీ పంపదు. మేస్త్రీ పట్టుకున్నానని చెప్పాకే కూలీ రెండో ఇటుక అందించినట్టు. వార్డ్ క్రిస్టెన్సన్ 1977లో దీన్ని రాసినప్పుడు ఎవరైనా సులువుగా రాసుకోగలిగేలా ఉండటమే ముఖ్యం, అందుకే ఇన్ని యంత్రాలకు పాకింది కూడా.

కానీ మీ దగ్గర ఎక్కువ సమయం తినేది ఆ ఎదురుచూపు కాదు, డిస్కు. 1541లో ఒక సెక్టారుకు పట్టేది 254 బైట్లు, మామూలు రోమ్‌తో (శాశ్వత ప్రోగ్రాం ఉండే చిప్) దాని రాత వేగం సెకనుకు 300, 400 బైట్ల మధ్యే ఉంటుంది. అంటే రెండు ఎక్స్‌మోడెమ్ బ్లాకులకు ఒకసారి దాదాపు 0.7 సెకను డిస్కు పనికి పోతుంది, ఆ సేపు కమోడోర్ మోడెమ్ మాట వినలేదు. రెండు బ్లాకులకు 2.2, డిస్కుకు 0.7, అటూ ఇటూ జవాబులకు ఇంకో 0.2 వేసుకోండి, మొత్తం 3.1 సెకన్లలో 256 బైట్లు. భాగిస్తే 82. మీకు వస్తున్నది సరిగ్గా అదే.

అందుకని ముందు డిస్కు సంగతి చూడండి. జిఫ్ఫీడాస్ అనే, డిస్కు వేగం పెంచే రోమ్ చిప్ కంప్యూటర్లోనూ డ్రైవులోనూ రెండు చోట్లా మారిస్తే రాత వేగం కూడా బాగా పెరుగుతుంది. ఫాస్ట్ లోడర్ కార్ట్రిడ్జ్‌లు చాలావరకు ప్రోగ్రాం లోడ్ అవడాన్నే వేగం చేస్తాయి, ఇలా ఫైలు తెరిచి కొంచెం కొంచెం రాసే పనికి వాటివల్ల ఉపయోగం తక్కువ, వాటికి డబ్బు పెట్టకండి. దాని తర్వాత 1024 బైట్ల బ్లాకులకు మారండి. కమోడోర్‌లో మోడెమ్ నడిపే నోవాటర్మ్ ప్రోగ్రాంలో అలాంటి పెద్ద బ్లాకుల పద్ధతి, వైమోడెమ్ ఉంది, లైనక్స్ వైపు ఎల్ఆర్‌జడ్ఎస్‌జడ్ ప్యాకేజీలో ఎస్‌బీ కమాండ్ సరిపోతుంది. డిస్కు అలాగే వదిలేసి పెద్ద బ్లాకులు ఒక్కటే పెడితే మాత్రం 88 దాటదు, ఎందుకంటే రాయాల్సిన బైట్లు అవే కదా. రెండూ కలిస్తే 110 దాకా రావచ్చు.

ఇంకో సంగతి, మీ 1670కి ఎర్రర్ కరెక్షన్ తెలియదు. పీసీ వైపు మోడెమ్ కొత్తదైతే కలిసిన వెంటనే వీ.42 అనే ఎర్రర్ కరెక్షన్ పద్ధతి కోసం పలకరిస్తుంది, ఆ అక్షరాలు మీ తెర మీద చెత్తగా కనిపిస్తాయి. దాని మాన్యువల్ చూసి ఎర్రర్ కరెక్షన్, కంప్రెషన్ రెండూ ఆపేయండి.

మరొక సభ్యుడు:
అన్నా, ఇంత కష్టం ఎందుకు, ఎక్స్‌మోడెమ్ బదులు జడ్‌మోడెమ్ పెడితే అయిపోతుంది కదా? 90ల్లో హైదరాబాదులో వీఎస్‌ఎన్‌ఎల్ షెల్ అకౌంట్ వాడినవాళ్లం మేము, యూనిక్స్ వైపు ఎస్‌జడ్ అని కొడితే చాలు, పీసీలోకి ఫైలు దిగిపోయేది, మధ్యలో లైన్ కట్ అయినా మళ్లీ కలిపితే ఆగిన చోటి నుంచే వచ్చేది. పెద్ద ఫైలు సగంలో పోతుందనే టెన్షనే ఉండేది కాదు.

జవాబు:
పీసీలో అయితే మీరన్నదే సరి, తమ్ముడూ. చక్ ఫోర్స్‌బర్గ్ 1986లో జడ్‌మోడెమ్‌ను చేసిందే ఆలస్యం ఎక్కువుండే టెలినెట్ లాంటి నెట్‌వర్కుల కోసం, ప్రతి బ్లాకుకీ జవాబు కోసం ఆగకుండా పంపుతూనే ఉంటుంది, తప్పు వస్తేనే వెనక్కి వెళ్తుంది. పీసీలో కూడా సీరియల్ చిప్ (వచ్చే బిట్లను అక్షరాలుగా కూర్చేది) పాత 8250 అయితే ఒక్క బైట్‌కే చోటు, ప్రాసెసర్ ఇంకో పనిలో ఉంటే వచ్చిన అక్షరం పోతుంది. 16550ఏలో 16 బైట్ల బఫర్ ఉంటుంది కాబట్టి వేగం మోడెమ్‌లకు అది తప్పనిసరి అయింది. కమోడోర్ యూజర్ పోర్టు దగ్గర అసలు సీరియల్ చిప్పే లేదు. ఒక్కో బిట్‌నూ ప్రాసెసరే టైమర్ చూసుకుని ఏరుకోవాలి, డ్రైవుతో మాట్లాడేటప్పుడు ఆ పని కుదరదు. ఆగకుండా పంపే పద్ధతి పెట్టినా డిస్కుకు రాసే ప్రతిసారీ అటువాడిని ఆపాల్సిందే. అందుకే ఈ యంత్రంలో బ్లాకుకో జవాబు అనే పాత పద్ధతే నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది అండీ, చాలా థాంక్స్. జిఫ్ఫీడాస్ చిప్‌లు తెప్పిస్తాను. ఒక పూర్తి డిస్కు దించాలంటే ఏం చేయాలి? ఇంకోటి, మా ఇంట్లో ఒక 2400 బయటి మోడెమ్ కూడా ఉంది, అది తగిలిస్తే రెట్టింపు అవుతుందా?

జవాబు:
డిస్కులో ఖాళీగా ఉండేవి 664 సెక్టార్లు, ఒక్కోటీ 254 బైట్లు, అంటే దాదాపు 1,68,600. 120 వచ్చినా 23 నిమిషాలు పైనే, ఇప్పటి 80కి 35 నిమిషాలు. అందుకే పంపేముందే ఆర్క్ అనే ప్రోగ్రాంతో కుదించండి. టెక్స్ట్, బేసిక్ ప్రోగ్రాములు బాగా తగ్గుతాయి, ముందే క్రంచ్ చేసిన ఆటలు తగ్గవు. విప్పడానికి కమోడోర్‌కు కొంత సమయం పడుతుంది, అయినా లైను మీద మిగిలేదే ఎక్కువ.

2400 సంగతి, కుదురుతుంది కానీ రోమ్‌లోని మామూలు రొటీన్లతో కాదు. 2400లో ఒక్కో బిట్‌కు ప్రాసెసర్‌కు దొరికేవి 426 సైకిళ్లు, అందులో వీడియో చిప్ అప్పుడప్పుడు కొన్ని లాక్కుంటుంది, అందుకే బైట్లు తప్పుతాయి. సొంత రొటీన్లున్న నోవాటర్మ్ లాంటిది వాడండి. ఇంకా వేగం కావాలంటే స్విఫ్ట్‌లింక్ కార్ట్రిడ్జ్, అందులో 6551 సీరియల్ చిప్ బిట్లు ఏరుకునే పని చూసుకుంటుంది, 38,400 దాకా పోతుంది. ఒక్కటి మాత్రం తప్పకుండా చూసుకోండి, ఆ బయటి మోడెమ్‌ను వైరు చేసి నేరుగా యూజర్ పోర్టుకు కలపకండి. పోర్టుది 5 వోల్టుల సిగ్నల్, మోడెమ్ వైపు ఆర్ఎస్-232లో ప్లస్ మైనస్ 12 దాకా ఉంటుంది, పోర్టును నడిపే 6526 చిప్ కాలిపోతుంది. మధ్యలో వోల్టేజీ మార్చే ఇంటర్‌ఫేస్ దొరికాకే తగిలించండి.