ఉద్యోగం చేస్తూ ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సు నెట్టుకురాగలనా?

నమస్కారం అండి. అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టర్. ఎఫ్-1 (విద్యార్థి) వీసా కాబట్టి మా యూనివర్సిటీలో 9 క్రెడిట్లు, అంటే మూడు కోర్సులు, తప్పనిసరి. అల్గారిథమ్స్, డేటాబేస్ ఖాయం చేసుకున్నాను. మూడోదిగా అడ్వాన్స్‌డ్ ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద మనసుంది. ఆ ప్రొఫెసర్ పాఠం చెబితే మళ్లీ పుస్తకం తెరవక్కర్లేదని ఒక సీనియర్ అక్క అంది. ప్రాజెక్టుల వారం నిద్ర ఉండదని ఇంకో అన్న భయపెట్టాడు. పాఠాల కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో, అంటే దాని ప్రధాన భాగంలో, మార్పులు చేయాలట. నేను సీ భాషలో ప్రోగ్రామ్ రాసి నాలుగేళ్లయింది, పాయింటర్లు దాదాపు మర్చిపోయాను. పైగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని. ఇంటద్దె దాంతోనే, వదులుకోలేను.

ఇలాంటి కోర్సు చేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. వారానికి ఎన్ని గంటలు పట్టింది? సీ బాగా రానివాళ్లు ఆఫీస్ అవర్స్‌కి (సందేహాలు అడగడానికి కేటాయించిన సమయానికి) వెళ్తే ఓపిగ్గా చెబుతారా? వచ్చే సెమిస్టర్‌కి వాయిదా వేయడం మేలా? కోర్సు మార్చుకోవడానికి శుక్రవారం వరకే గడువు.