అప్‌డేట్: చిన్న పిల్లలకి రోసా పార్క్స్ కథ ఎలా చెప్పాలి అని అడిగా కదా

అందరికీ థ్యాంక్స్. మా పిల్లలు (5, 7 ఏళ్లు) భయపడకుండా రోసా పార్క్స్ (అమెరికాలో బస్సులో సీటు వదలనని ఎదురుతిరిగిన నల్లజాతి మహిళ) గురించి ఎలా చెప్పాలా అని అప్పుడు అడిగా, చెప్పేశా, బాగానే అయ్యింది, రేపు ఇంకెవరైనా ఇదే వెతుక్కుంటూ వస్తారేమో అని రాస్తున్నా.

కుర్చీలు వేసి బస్సు ఆట ఆడించమన్నారు కొందరు, అది మాత్రం బెడిసికొట్టింది. చిన్నదాన్ని లేచి వెనక్కి వెళ్లమనగానే ఏడుపు లంకించుకుంది. వివక్షని పిల్లలతో నటింపజేయొద్దు అని ఒకరు ముందే అన్నారు, వినాల్సింది.

పనిచేసింది "ఆవిడ ఒక్కతే కాదు, ఎంతమంది కలిశారో చెప్పండి" అన్న సలహా. 1955 డిసెంబర్ 1న అమెరికాలోని మాంట్‌గోమరీలో తెల్లవాళ్ల కోసం బస్సు సీటు వదలనందుకు అరెస్ట్ చేశారు అని రెండు ముక్కల్లో చెప్పేసి, దానికి నిరసనగా అక్కడి నల్లజాతి వాళ్లు 381 రోజులు బస్సు ఎక్కలేదు అన్నా, ఇక మొదలు, మరి పనికి ఎలా వెళ్లారు, వాన పడితేనో? నడిచారు, కార్లున్నవాళ్లు మిగతావాళ్లని ఎక్కించుకున్నారు అన్నా. పెద్దది 381 గీతలు గీస్తానని కూర్చుని 90 దగ్గర ఆపేసింది, చెయ్యి నొప్పట.

రోసా కాళ్లు నొప్పులని లేవలేదు అనుకునేదాన్ని నేను, వాళ్ల టీచర్ సరిచేసింది. ఆవిడకి అప్పుడు 42 ఏళ్లే, అప్పటికే ఏళ్ల తరబడి హక్కుల కోసం పనిచేస్తున్న మనిషి. అదే ఏడాది మార్చిలో 15 ఏళ్ల క్లాడెట్ కాల్విన్‌ని కూడా ఇలాగే అరెస్ట్ చేశారు, పెద్దదానికి ఈ అమ్మాయే ఎక్కువ నచ్చింది.

జైలు అంటే భయపడతారని నేను పడ్డ టెన్షన్ దండగ. "మరి ఇంటికొచ్చిందా?" అన్నారు, రోసా ఆ రాత్రే బెయిల్ మీద వచ్చేసింది అంటే సరే అని ఆడుకోడానికి పోయారు.