వాక్యం ఒప్పో తప్పో తేల్చడానికి భాషావేత్త ఒక్కరి చెవి చాలునా?

కారకం: పద్నాలుగేళ్లుగా వాక్యనిర్మాణం, అర్థవిచారమే నా వృత్తి. నా పత్రాన్ని ఒక పత్రిక తిప్పి పంపింది. ఉదాహరణలన్నీ నా సొంత భాషాస్ఫురణ మీదే, అంటే నా చెవికి ఏది ఒప్పనిపిస్తే దాని మీదే ఆధారపడ్డాయట. ‘రంగులేని పచ్చని ఆలోచనలు ఆవేశంగా నిద్రపోతాయి’ అన్న వాక్యానికి అర్థం పొసగకపోయినా వ్యాకరణం కుదిరిందని 1957లో భాషావేత్త ఛామ్‌స్కీ చూపినప్పుడు ఎంతమందిని అడిగారు?

విభక్తి: అంత తేటైన వాక్యానికి ఎవరినీ అడగనక్కరలేదు. మీ వాక్యం చెప్పండి.

కారకం: ‘పిల్లలు రెండేసి కోతులను చూశారు.’ ఒక్కొక్కరు రెండు కోతులను చూశారన్నది ఒక అర్థం. చూసిన ప్రతిసారీ రెండు కనిపించాయన్నది మరొకటి. ‘రెండేసి’లోని ‘ఏసి’ మనుషులకే కాదు, సందర్భాలకూ పంచుతుందన్నది నా వాదం. అది రెండో అర్థం మీదే నిలిచింది.

ధాతువు: నాకు మొదటిదే స్ఫురిస్తోంది.

అన్వయం: నాకు రెండూ. ‘మాత్రలు రోజూ రెండేసి వేసుకో’ అంటాం కదా.

కారకం: ధాతువు గారూ, మళ్లీ చదవండి.

విభక్తి: ఇదే నా అభ్యంతరం! కాదన్నవారినే మళ్లీ చదవమంటున్నారు. ఔనన్నవారిని అడగడం లేదు.

కారకం: 2012లో స్ప్రౌస్, అల్మేడా అనే భాషావేత్తలు ఒక వాక్యనిర్మాణ పాఠ్యపుస్తకంలోని 469 ఉదాహరణలను 440 మందితో పరీక్షించారు. పుస్తకం ఇచ్చిన తీర్పు నిలవనివి 2 శాతానికి మించలేదు. ఇంకేమి కావాలి?

విభక్తి: అవి ఇంగ్లీషు ఉదాహరణలు. తరగతుల్లో, సదస్సుల్లో ఎందరి చెవినో పడి వడపోతకు గురైనవి. తెలుగుకు ఆ వడపోత ఎక్కడుంది? మా ఇంట్లో రోజూ వినబడే వాక్యానికి మా పరిశోధన పర్యవేక్షకులు తప్పని నక్షత్రం గుర్తు పెట్టారు. నాకు ఒప్పేనంటే ‘నీది మాండలికం’ అన్నారు. నా పరిశోధన గ్రంథంలో ఆ అధ్యాయం మొత్తం తీసేయవలసి వచ్చింది.

కారకం: ఆయన తప్పుకు నన్నెందుకు నిందిస్తారు? దారిన పోయే పదిమంది మాటే ప్రమాణమైతే నా చదువెందుకు?

విభక్తి: ‘రెండేసి’ ఎలా పనిచేస్తుందో వివరించడానికి మీ చదువు కావాలి. నాకు ఏ అర్థం తడుతుందో చెప్పే అధికారం మాత్రం నాదే. ఆ రోజు నా చేతిలోంచి లాక్కున్నది దాన్నే.

కారకం: లాక్కోవడం అన్యాయమే, ఒప్పుకుంటాను. అయినా సందర్భం కల్పించకుండా అడిగితే ఉన్న అర్థం కూడా తట్టదు. ఆ కల్పనే మా పని. ధాతువు గారూ, పిల్లలందరూ కలిసి నడుస్తున్నారు. ఒక చెట్టు మీద రెండు కోతులు, తర్వాతి చెట్టు మీద మరో రెండు, ఆ పై చెట్టు మీద ఇంకో రెండు. ఇప్పుడు?

ధాతువు: ఇప్పుడు పొసగుతోంది. కానీ నేనైతే అక్కడ ‘రెండేసి’ అనను, ‘చెట్టుకు రెండు చొప్పున’ అంటాను.

విభక్తి: ఈ జవాబు మీ పత్రంలో ఉందా?