అమెరికా హాస్టల్లో ‘థీమ్’ అంతస్తు ఎంచుకోవచ్చా?

కావలి నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి ఆగస్టులో డిగ్రీ చదువుకు అమెరికా వెళుతోంది. అక్కడి హాస్టల్లో పర్యావరణం, సంగీతం, భాషలు అంటూ అభిరుచిని బట్టి వేర్వేరు అంతస్తులున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లోనైతే ఆసియా అమెరికన్ సంస్కృతి పేరిట ఒకాడా అనే భవనమే ఉంది. మా అమ్మాయికి పర్యావరణం అంతస్తు కావాలట. ఎందుకో రాయమన్న చోట, మేడమీద కుండీల్లో తను పెంచిన వంగమొక్కల గురించి రాసింది. చదివి ఎంతో ముచ్చటేసింది. అయితే తను కొత్తవాళ్లతో త్వరగా కలవదు. ఒకే ఇష్టం ఉన్నవారి మధ్య ఆ బెరుకు పోతుందా, లేక ఆ గుంపుకే పరిమితమవుతుందా? నాకు అదే దిగులు. వాళ్లు పెట్టే కార్యక్రమాలకు తప్పనిసరిగా వెళ్లాలా? పరీక్షలప్పుడైనా వదిలేస్తారా? నచ్చకపోతే ఏడాది మధ్యలో గది మార్చుకోనిస్తారా? అలాంటి చోట ఉన్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు దయచేసి చెప్పండి.