సొంత సైటు ఇంటి కంప్యూటర్ మీద నడపాలా, అద్దె సర్వర్‌లోనే ఉంచాలా?

పాతపెట్టె:

పదకొండేళ్లుగా ఒక చిన్న సైటు నడుపుతున్నాను. మా నాన్నగారు రాసిన పద్యాలు, ఆయన తీసిన ఫొటోలు, నేను రాసుకున్న నోట్సు అన్నీ కలిపి నాలుగొందల పేజీల దాకా ఉంటాయి. అద్దె సర్వర్ మీద, వర్డ్‌ప్రెస్ అనే సైటు నడిపే ప్రోగ్రాములో ఉంది. రోజుకి ఇరవై మంది చూస్తే ఎక్కువ.

పోయిన నెల హోస్టింగ్ వాళ్లు, అంటే ఆ సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు, పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన ప్రోగ్రామింగ్ భాష) 7.4 తీసేసి 8కి మార్చారు. పొద్దున్నే తెరిచి చూస్తే సైటు మొత్తం తెల్ల పేజీ. ఎర్రర్ లాగ్ తీసి చూస్తే, నా పాత థీమ్‌లో వాడిన ఒక ఫంక్షన్ 8లో అసలు లేదట. ఇలాంటివి ఒకటి సరిచేస్తే ఇంకొకటి బయటపడుతూ వచ్చింది. రెండు రాత్రులు పట్టింది.

ఇటు ఇంట్లో కంప్యూటర్ సంగతి కూడా తేల్చాలి. ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్‌లో అయితే 8వ తరం లేదా ఆ పైది ఉండాలి. నాది ఆ జాబితాలో లేదు.

అందుకని ఒక ఆలోచన వచ్చింది. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) వేసి, డెబియన్ అనే లినక్స్ ఎక్కించి, సైటుని కూడా దాని మీదకే తెచ్చేసుకుంటే? ఇక ఎవరో వెర్షన్ మార్చారని నా సైటు పడిపోదు. తెలిసినవాళ్లు ఒద్దంటున్నారు. ఇంట్లో నిజంగా నడిపినవాళ్లు ఏమంటారో వినాలని ఉంది.

కాపలాదీపం:

కంప్యూటర్‌కి లినక్స్ వేయండి, అందులో రెండో మాట లేదు. సైటు మాత్రం దాని మీద పెట్టకండి.

మొదట రౌటర్ పేజీలోకి వెళ్లి బయటి ఐపీ అడ్రస్ ఏముందో చూడండి. 100.64 నుంచి 100.127 లోపల ఉంటే మీ కనెక్షన్ సీజీనాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే అడ్రస్‌ని చాలామంది పంచుకుంటున్నారు. మీరు రౌటర్‌లో వెబ్‌సైటు తలుపుల్లాంటి 80, 443 పోర్టులు ఎంత తెరిచినా బయటివాళ్లు మీ దాకా రాలేరు. చాలామంది ఈ ఒక్కటి చూసుకోక వారాంతమంతా పోగొట్టుకుంటారు.

రెండోది కరెంటు. ఊరికే ఆన్‌లో ఉన్న పాత డెస్క్‌టాప్ 50 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఏడాది పొడుగునా నడిస్తే 438 యూనిట్లు. రోజుకి ఇరవై మంది చూసే సైటుకి అది న్యాయం కాదు.

అసలు భయం మూడోది. నేను ఒకసారి ఇంటి కంప్యూటర్‌కి 22వ పోర్టు, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ తలుపు, తెరిచి పడుకున్నాను. తెల్లారి లాగ్ చూస్తే లోపలికి రావడానికి ప్రయత్నించిన వరసలు తెర మీద ఆగకుండా పోతూనే ఉన్నాయి. రూట్ అనే పేరుతో, అడ్మిన్ పేరుతో, టెస్ట్ పేరుతో, మళ్లీ రూట్. ఎక్కడెక్కడి అడ్రస్‌ల నుంచో. మీ మీద పగ ఉండి చేసేది కాదు అది. తెరిచిన ప్రతి తలుపునీ తట్టి చూసే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. వర్డ్‌ప్రెస్‌కి తగిలించిన ఒక పాత ప్లగిన్‌లో కన్నం దొరికితే పోయేది సైటు ఒక్కటే కాదు. అదే కంప్యూటర్‌లో మీ ఇంటి ఫొటోలున్నాయి, బ్యాంకు లాగిన్ ఉంది.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెబుతాను. "ఎవరూ వెర్షన్ మార్చరు" అన్నారు చూడండి, దాన్ని మీరు సుఖం అనుకుంటున్నారు. పీహెచ్‌పీ 7.4కి సెక్యూరిటీ మరమ్మతులు 2022 నవంబర్‌లోనే ఆగిపోయాయి. మీ హోస్టింగ్ వాళ్లు ఆలస్యంగానైనా మంచి పనే చేశారు. ఇంట్లో పెట్టుకుంటే ఆ పని మీరే చేయాలి, అదీ టైముకి చేయాలి.

చేతిపని:

కాపలాదీపం గారూ, మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే. కానీ వాటి నుంచి "వద్దు" అనే మాట ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. నేను నాలుగేళ్లుగా ఇంట్లోనే నడుపుతున్నాను.

కరెంటు సంగతి: డెస్క్‌టాప్ ఎందుకు? రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు 5 వాట్లతో నడుస్తుంది, ఏడాదికి 44 యూనిట్లు దాటవు. మెమరీ కార్డు మీద మాత్రం నడపకండి, రాతలు ఎక్కువైతే అది అరిగిపోతుంది. యూఎస్‌బీకి ఎస్ఎస్‌డీ తగిలించండి. సీజీనాట్ ఉంటే బయటి సర్వర్‌కి మన వైపు నుంచే ఒక టన్నెల్ వేసుకోవచ్చు, అప్పుడు రౌటర్‌లో ఒక్క పోర్టు కూడా తెరవక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ తీసేసి కీ పెడితే ఆ రాత్రంతా తట్టినవాళ్లు తట్టుకుంటూనే ఉంటారు, తలుపు తెరుచుకోదు.

ఇక అసలు విషయం. ఇది మనకి ఉద్యోగం కాదు, ఇష్టం. సైటు పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ అంటే ఏమిటో నాకు పుస్తకం చదివితే ఎక్కలేదు. నా సైటు నాకే కనపడని రోజు కూర్చుని వెతికితే ఎక్కింది. సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చూపే సర్టిఫికెట్ ఎలా వస్తుంది, ఎందుకు గడువు తీరుతుంది, బ్రౌజర్ ఎందుకు ఒప్పుకోదు, ఇవన్నీ చేత్తో చేసి నేర్చుకున్నవే. సైటు నాలుగు గంటలు ఆగితే ఎవరి కొంపా మునగదు.

ప్రపంచంలో మొదటి వెబ్‌సైటు ఎక్కడ నడిచిందో గుర్తు చేసుకోండి. 1991లో, సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ వాడుకునే నెక్స్ట్ అనే కంపెనీ కంప్యూటర్ మీద. ఇది సర్వర్, ఆపేయకండి అని చేత్తో రాసిన చీటీ దాని మీద అంటించి ఉండేది. వెబ్ అలా ఒక మనిషి బల్ల మీద మొదలైంది. మరి పెద్ద కంపెనీ చేతిలో పెడితే ఏమైంది? ఎవరైనా ఉచితంగా పేజీలు పెట్టుకోగలిగిన జియోసిటీస్‌ని 1999లో యాహూ కొంది, 2009 అక్టోబర్‌లో మూసేసింది. లక్షల మంది కట్టుకున్న పేజీలు పోయాయి. కొందరు పూనుకుని కాపీలు తీయబట్టి కొన్నైనా మిగిలాయి.

కాపలాదీపం:

కంపెనీలు మూతపడతాయి నిజమే. హార్డ్ డిస్క్‌లు మూతపడవా? ఇంట్లో ఒక్క కాపీ ఉన్న సైటు ఒక్క పిడుగు దూరంలో ఉంది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట అన్న పాత లెక్క ఇద్దరికీ వర్తిస్తుంది.

అచ్చుపెట్టె:

ఇద్దరూ మంచి మాటలే చెప్పారు. కానీ ఎక్కడ పెట్టాలి అని వాదిస్తున్నారు. పాతపెట్టె గారికి రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది సర్వర్ ఉన్న చోటు కాదు, సైటు ఉన్న రూపం. నాలుగొందల పేజీలు, మారనివి, ఇరవై మంది చదివేవి. వాటిని చూపించడానికి ప్రతిసారీ పీహెచ్‌పీ లేచి, డేటాబేస్‌ని అడిగి, పేజీ అల్లి ఇవ్వాలా? వాటిని బ్రౌజర్ నేరుగా చదివే మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా తీసి పెట్టుకుంటే విరగడానికి అందులో ఏమీ ఉండదు.

నాకు ఈ సంగతి ఎలా తలకెక్కిందో చెబుతాను. ఆరేళ్ల కింద నా సైటుని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చాను. తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. పేజీ నిండా నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు a అక్షరాలు, డిగ్రీ గుర్తులు, విరిగిన కొమ్మల్లాంటి గీతలు. నేను పదిహేనేళ్లు రాసిందంతా అలా కనపడేసరికి చేతులు చల్లబడ్డాయి.

తర్వాత తెలిసింది. "శ్రీ" అని మనం ఒక్క అక్షరం రాస్తాం. లోపల అది నాలుగు కోడ్‌లు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు కాబట్టి మొత్తం 12 బైట్లు. నా పాత డేటాబేస్ కాలమ్ మీద లాటిన్-1 (యూరప్ భాషల అక్షరాల పద్ధతి) అని చీటీ ఉంది, లోపల ఉన్నది మాత్రం యూటీఎఫ్-8. కొత్త సర్వర్ ఆ చీటీని నమ్మి, 12 బైట్లనీ 12 వేర్వేరు అక్షరాలనుకుని ఒక్కోదాన్నీ మళ్లీ యూటీఎఫ్-8లోకి మార్చింది. డేటాబేస్ మొత్తం కాపీ అయిన పాత డంప్ ఫైలు దాచి ఉండబట్టి బతికిపోయాను. కాలమ్‌ని ముందు ఉత్త బైట్లుగా, అంటే బ్లాబ్‌గా మార్చి, ఆ తర్వాత యూటీఎఫ్8-ఎంబీ4 అని చెప్పాలి. నేరుగా మారిస్తే మళ్లీ అదే గతి. తెలుగులో పాత సైటున్నవాళ్లు ఎవరైనా సరే, సర్వర్ మార్చేముందు కాలమ్ మీద ఏం రాసి ఉందో చూసుకోండి.

అది సరిచేసిన వారంలోనే మొత్తం ఫైళ్లుగా తీసేశాను. రాతని హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా మార్చే హ్యూగో అనే ప్రోగ్రామ్ వాడాను, జెకిల్ కూడా ఇదే పని చేస్తుంది. ఇప్పుడు నా రాత అంతా ఒక ఫోల్డర్. పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఏ కంప్యూటర్‌లో తెరిచినా కనపడుతుంది. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ఒక లెక్క చెప్పింది: 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకల్లా దొరకలేదు. నాన్నగారి పద్యాలు ఆ లెక్కలో చేరకూడదంటే సర్వర్ కన్నా ముందు ఫోల్డర్ గురించి ఆలోచించండి.

చేతిపని:

అమ్మా, మీరు చెప్పింది కాదనను. కానీ ఫైళ్లు చేస్తే కామెంట్లు పోతాయి, వెతుకులాట పోతుంది. ఊపిరి ఉన్న సైటుని ఫొటో తీసి గోడకి తగిలించినట్టు అవుతుంది.

అచ్చుపెట్టె:

వెతుకులాట పోదు నాయనా. నాలుగొందల పేజీల మాటల పట్టిక చిన్న ఫైలే, బ్రౌజరే వెతికి పెడుతుంది. కామెంట్ల విషయంలో నువ్వన్నది నిజం. నేను మెయిల్ పెట్టమంటాను, వచ్చినదాన్ని చదివి పేజీ కింద నేనే అతికిస్తాను. తక్కువ వస్తాయి. అది నాకూ లోటుగానే ఉంది.

స్క్రూడ్రైవర్:

సైటు గురించి నాకు పెద్దగా తెలియదు, డబ్బా గురించి చెబుతాను. ముందు ఆ హార్డ్ డిస్క్ ఆరోగ్యం, డిస్క్ తనే రాసుకునే స్మార్ట్ అనే రిపోర్టులో చూడండి. పాడైన సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే ఇవాళే కాపీ తీయండి, రేపటికి పెట్టుకోకండి. డబ్బులు ఒక్కదానికే ఉంటే ర్యామ్ కన్నా ఎస్ఎస్‌డీకే పెట్టండి. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దాకా చదువుతుంది. అయినా తేడా తెలిసేది ఆ అంకెలో కాదు. తిరిగే డిస్క్ ఒక్కో చిన్న ఫైలు వెతకడానికి మిల్లీసెకన్లు తీసుకుంటుంది, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు అలాంటి ఫైళ్లు వేలల్లో ఉంటాయి.

మూత తీశారు కాబట్టి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ, సీఆర్ 2032, అది కూడా మార్చేయండి. అది అయిపోతే స్విచ్ తీసినప్పుడల్లా తారీకు ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ ప్రతి సైటునీ ప్రమాదం అంటుంది, ఎందుకంటే ఆ తారీకుకి ఆ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. వైరస్ అనుకుని విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించుకున్నవాళ్లని చూశాను.

పాతపెట్టె:

పది రోజులైంది. ఏం చేశానో చెప్పి ఇంకొకటి అడుగుతాను.

రౌటర్‌లో చూస్తే 100.72తో మొదలైంది. సీజీనాట్. డిస్క్ రిపోర్టులో పాడైన సెక్టార్లు 48 ఉన్నాయి, మూడో రోజుకి 56. స్క్రూడ్రైవర్ గారూ, మీరు చెప్పకపోతే నేను ఆ రిపోర్టు తీసేవాణ్నే కాదు. ఆ రాత్రే అంతా బయటి డిస్క్‌కి తీశాను. ఇప్పుడు ఎస్ఎస్‌డీ మీద డెబియన్ నడుస్తోంది, బ్యాటరీ కూడా కొత్తది.

సైటుని ఫైళ్లుగా తీశాను. వర్డ్‌ప్రెస్ ఇంటి కంప్యూటర్ లోపలే ఉంది, బయటికి కనపడదు. అక్కడ రాసి, ఫైళ్లుగా తీసి అద్దె సర్వర్‌కి పంపుతున్నాను. కామెంట్లు 61 ఉన్నాయి. ఒక్కోటీ చదివాను. ఒక పద్యం కింద నాన్నగారి చిన్ననాటి స్నేహితుడు ఒకాయన, ఆ పద్యం ఏ సందర్భంలో పుట్టిందో నాలుగు వాక్యాల్లో రాశారు. ఎనిమిదేళ్ల కిందటి కామెంటు అది. అప్పుడు "ధన్యవాదాలు" అని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలనీ పద్యం పైనే పెట్టాను, ఆయన పేరుతో.

చేతిపని తమ్ముడూ, ఇంట్లో నడపాలన్న కోరిక నాకు ఇంకా పోలేదు. ఏం చేయమంటావు?

చేతిపని:

పోనివ్వకండి అన్నా. ఫైళ్లు అయ్యాక భయపడేది చాలావరకు పోయింది. చిన్న బోర్డు వేరేగా పెట్టి, టన్నెల్ వేసి, అదే ఫోల్డర్‌ని రెండో కాపీగా అక్కడి నుంచి చూపించండి. అద్దె సర్వర్ ఉంటే ఉండనివ్వండి.

కాపలాదీపం:

ఇంటి ఫొటోలు లేని వేరే బోర్డు, పీహెచ్‌పీ లేదు, పోర్టు తెరవలేదు. ఇలాగైతే నాకు అభ్యంతరం లేదు. ఆ బోర్డు మాత్రం మీ ఇంటి నెట్‌వర్క్‌లో కాకుండా రౌటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంచండి. ఇంకొకటి, డొమైన్ పేరు ఎవరి దగ్గర ఉంది? హోస్టింగ్ వాళ్ల దగ్గరే ఉంటే, లాగిన్, గడువు తేదీ రెండూ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసేలా రాసి పెట్టండి.

పాతపెట్టె:

వాళ్ల దగ్గరే ఉంది. మా అమ్మాయికి ఇవాళ చూపిస్తాను.