చిన్నపిల్లలకు స్వైన్ ఫ్లూ గురించి చెప్పేటప్పుడు పంది మాట ఎత్తాలా, వద్దా?

గుణుపురం అమ్మ:
మావాడు ఒకటో తరగతి. స్వైన్ ఫ్లూ పందుల జ్వరమని బడిలో విన్నాడు. మా వెనక వీధిలో పందులు పెంచుకునేవాళ్ల గుంట ఒకతి వాడి తరగతే. ఆ రోజు నుంచి ఆ గుంట పక్కన కూర్చోనంటున్నాడు. "దాని పలక ముట్టుకుంటే జ్వరం వచ్చేస్తాది" అంటాడు. ఆ పిల్లకు జలుబు కూడా లేదు! ఇంత చిన్నవాళ్లకు పంది పేరెందుకు? చేతులు కడుక్కోమంటే చాలదా?

పర్లాకిమిడి నాన్న:
చాలు. ఆరేళ్లవాడికి వైరస్ పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదు. అసలు ప్రపంచ ఆరోగ్య సంస్థే 2009లో ఆ పేరు వాడడం మానేసింది.

రాయగడ నర్సు:
అక్కడే నేను ఒప్పుకోను అన్నా. పిల్లాడు ఆ మాట వినేశాడు. మనం నోరు మూసుకుంటే వాడనుకున్నదే ఖాయమైపోతుంది, నష్టం ఆ గుంటకి. 2009లో ఈజిప్టు ప్రభుత్వం పందుల్ని లక్షల్లో చంపించింది. అయినా జ్వరం అక్కడికీ వచ్చింది, ఎందుకంటే మోసుకొచ్చింది మనుషులు. ఇప్పుడది ఏటా వచ్చే ఫ్లూల్లో ఒకటి. దగ్గు తుంపర్లతో మనిషి నుంచి మనిషికి అంటుతుంది. ఉడికిన పంది మాంసం తింటే రాదు.

కాబట్టి పేరుపెట్టే చెప్పండి: "ఈ జ్వరం మొదట్లో పందుల్లో ఉండేది. ఇప్పుడు దగ్గే మనుషుల నుంచి వస్తోంది. ఆ పాపకు జ్వరం లేదు, పక్కన కూర్చో." తర్వాత వాడి అరచేతికి నూనె, పసుపు రాసి తలుపు, గ్లాసు ముట్టుకోమనండి. ఎక్కడెక్కడ అంటిందో వాడే చూస్తాడు. ఉత్త నీళ్లతో కడిగితే జిడ్డు వదలదు, సబ్బుతో వేళ్ల సందులు కూడా రుద్దాలి. పిల్లలకు కళ్లతో చూసిందే బుర్రకెక్కుతుంది. చచ్చిపోతారని మాత్రం బెదిరించొద్దు. ఎగశ్వాస, పెదాలు నీలంగా మారడం, లేపినా లేవలేకపోవడం, ఇవి పెద్దవాళ్లు గుర్తుపట్టి బేగి ఆస్పత్రికి తీసుకెళ్లాల్సినవి.

పర్లాకిమిడి నాన్న:
పసుపు సంగతి బాగుంది. కానీ పంది మాట ఎత్తితే పిల్లలకు అదొక్కటే గుర్తుంటుందని ఇప్పటికీ నా భయం.

గుణుపురం అమ్మ:
మావాడికి గుర్తుండిపోయింది కదండీ, ఇంక దాచి లాభం లేదు. ఇంట్లో నేను చెప్తాను. కానీ తరగతంతా అదే విన్నారు. రేపు టీచరమ్మ దగ్గరికెళ్లి, అందరి ముందూ సరిచేసి చెప్పమని అడుగుతాను.