బెల్టు మీద నడిచే కత్తి బండికి ఎంత మోటారు కావాలి?

సిరిసిల్ల_నేత:
నమస్కారం. మరమగ్గాల మీద నేసిన కాటన్ గుడ్డను అడ్డంగా కోసే యంత్రం ఒకటి మా షెడ్డులోనే తయారు చేసుకుంటున్నాము. గుండ్రటి కత్తి, దాన్ని తిప్పే చిన్న మోటారుతో కలిపి ఆరు కిలోల బండి లీనియర్ గైడ్ల మీద 1.2 మీటర్లు పోయి రావాలి. సెకనుకు ఒక మీటరు వేగం చాలు, కానీ ఆ వేగాన్ని 0.2 సెకన్లలో అందుకోవాలి. టైమింగ్ బెల్టు (పళ్ల బెల్టు) పిచ్, అంటే పంటికీ పంటికీ దూరం, 5 మిల్లీమీటర్లు, పుల్లీకి 20 పళ్లు. వరంగల్‌లో ఒక దుకాణదారు 3 న్యూటన్ మీటర్ల స్టెప్పర్ (అడుగులు అడుగులుగా తిరిగే మోటారు) సరిపోతుందన్నారు. తెలిసిన ఫిట్టరేమో 750 వాట్ల సర్వో (తన స్థానాన్ని కొలుచుకుంటూ సరిదిద్దుకునే మోటారు) లేనిదే నడవదంటున్నారు. ఇద్దరి మాటలకూ ఇంత తేడా ఎందుకు వస్తున్నదో, లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి తెలుపగలరు.

కాజీపేట_మెకానికల్:
వాట్లను పక్కన పెట్టి, బండిని లాగడానికి ఎంత బలం కావాలో ముందు చూడండి. 0.2 సెకన్లలో ఆ వేగం అందుకోవాలంటే త్వరణం సెకను వర్గానికి 5 మీటర్లు, అంటే ఆరు కిలోలకు 30 న్యూటన్లు. గైడ్ల సీళ్ల రాపిడికి 10, కోతకు 20 అనుకుంటే మొత్తం 60. కోత బలాన్ని మాత్రం ఊహకు వదలవద్దు. కత్తి తిరుగుతుండగా బండికి స్ప్రింగ్ త్రాసు తగిలించి, మీ దగ్గర ఉన్న అన్నిటికన్నా మందపు గుడ్డలో మెల్లగా లాగి చూడండి.

పుల్లీ ఒక చుట్టుకు బండి 100 మిల్లీమీటర్లు జరుగుతుంది కాబట్టి వ్యాసార్థం సుమారు 15.9 మిల్లీమీటర్లు, టార్క్ (తిప్పే బలం) 0.95 న్యూటన్ మీటర్లు. పదో వంతు నష్టం కలుపుకుంటే 1.06 అవుతుంది. వేగం నిమిషానికి 600 చుట్లు. శక్తి లెక్కన ఇది 70 వాట్లు కూడా దాటదు.

అయినా 3 న్యూటన్ మీటర్ల స్టెప్పర్ చాలునని వెంటనే అనలేము. ఆ అంకె మోటారు నిలబడి ఉన్నప్పటిది; వేగం పెరిగేకొద్దీ టార్క్ పడిపోతుంది, ఎంత పడిపోతుందో డ్రైవు (మోటారుకు కరెంటు అందించే యూనిట్) వోల్టేజీని బట్టి ఉంటుంది. తయారీదారు ఇచ్చే వేగం, టార్క్ గ్రాఫులో 600 దగ్గర 2 న్యూటన్ మీటర్లకు తగ్గకుండా కనబడితేనే నేను ధైర్యం చేస్తాను. ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్) లేని స్టెప్పర్ అడుగు తప్పినా కంట్రోలర్‌కు తెలియదు, తప్పిన సంగతి వంకరగా తెగిన గుడ్డే చెబుతుంది.

కరీంనగర్_డ్రైవులు:
పై లెక్క సరైనదే, కానీ ఫిట్టర్ గారి మాటకు కారణం జడత్వంలో (వేగం మార్పును భారం ఎదిరించే గుణంలో) ఉన్నదని నా అనుమానం. ఆరు కిలోలను పుల్లీ వ్యాసార్థపు వర్గంతో గుణిస్తే సుమారు 15 కిలో చదరపు సెంటీమీటర్లు వస్తుంది. 400 వాట్ల సర్వోల రోటరు (మోటారు లోపల తిరిగే భాగం) జడత్వం సాధారణంగా ఒక కిలో చదరపు సెంటీమీటరు లోపే ఉంటుంది. పదిహేను రెట్లకు మించిన భారాన్ని, అదీ సాగే గుణమున్న బెల్టు అవతల ఉన్నదాన్ని, నేరుగా మోటారుకు తగిలిస్తే బండి ఆగే చోట ఊగుతుంది, డ్రైవు ట్యూనింగ్ (సర్దుబాటు) విసిగిస్తుంది. పెద్ద మోటారుకు పెద్ద రోటరు ఉంటుంది కాబట్టి 750 వాట్లతో ఆ బాధ కొంత తగ్గుతుంది, కానీ అది ఖరీదైన దారి.

మోటారుకూ పుల్లీకీ మధ్య మూడుకు ఒకటి తగ్గింపు పెట్టండి. భారపు జడత్వం తొమ్మిదో వంతుకు, అంటే 1.7కు దిగుతుంది. టార్క్ 0.35 న్యూటన్ మీటర్లు చాలు, మోటారు 1800 చుట్లు తిరుగుతుంది. స్టెప్పర్‌కు ఆ వేగం కష్టం, సర్వోకు అది సుఖమైన చోటు. 3000 చుట్ల 200 వాట్ల సర్వో రేటెడ్ టార్క్ (ఆగకుండా ఇవ్వగలిగేది) సుమారు 0.64, కాబట్టి అది చాలు.

సిరిసిల్ల_నేత:
ఇద్దరికీ ధన్యవాదాలు. మాది రేకుల షెడ్డు. మే నెలలో మధ్యాహ్నం లోపల నిలబడలేము. ఆ వేడికి 200 వాట్లు నిలుస్తుందా?

కరీంనగర్_డ్రైవులు:
సర్వోల రేటింగులు సాధారణంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు ఇస్తారు, మన వైపు ఎండలు దాన్ని దాటుతాయి, కాబట్టి మీ ప్రశ్న సరైనదే. అయితే మోటారు వేడెక్కేది గరిష్ఠ టార్క్‌ను బట్టి కాదు, ఒక కోత మొదలు మరో కోత దాకా పట్టే కాలం మొత్తానికి టార్క్ వర్గాల సగటుకు వర్గమూలాన్ని బట్టి. 0.2 సెకన్లు వేగం పెంచడం, ఒక సెకను కోత, 0.2 సెకన్లు ఆగడం, ఆపైన 0.6 సెకన్ల విరామం అనుకుంటే మోటారు దగ్గర అది 0.17 న్యూటన్ మీటర్లే. మోటారుకు ఇబ్బంది లేదు. నాకు డ్రైవు మీదే అనుమానం: దాన్ని మూసిన పెట్టెలో పెడితే వేడి పేరుకుంటుంది, తెరిచి పెడితే దూది నూగు ఫ్యాన్‌లో చిక్కుకుంటుంది. ఫిల్టరు ఉన్న ఫ్యాన్‌తో పెట్టెను కత్తికి దూరంగా గోడ నీడలో బిగించి, ఫిల్టరును వారం వారం దులపండి.

కాజీపేట_మెకానికల్:
త్రాసులో 20కి బదులు 50 న్యూటన్లు చూపించినా మోటారు దగ్గర గరిష్ఠ టార్క్ 0.53 దగ్గరే ఉంటుంది. అంతకు మించితే మాత్రం 400 వాట్లకు వెళ్లండి.